వదిన ద్రాక్షతోటకు గంజి పెట్టిన కత

పోయిన ఆదివారం నేను చేసిన పని వింటే మీకు ఈ టీ గొంతు దిగదప్పా. గ్లాసులు కింద పెట్టి వినండి. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేం అనుకోను. కాకపోతే ఒక మాట ముందే చెప్తాండా, జరిగేటప్పుడు నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక్క సగ్గుబియ్యం పొట్లంతో పచ్చటి తోటను వేర్లతో సహా పీకించబోయినా నేను!

మీకు తెలుసు గదా, ఈ ప్రొద్దుటూరులో మన కొట్టు తెల్లబట్టల కొట్టు. పంచలు, తువ్వాళ్ళు, చొక్కాగుడ్డలు. తెల్లబట్ట అమ్మేవాడే నలిగిన చొక్కా వేసుకుని కూచుంటే ఎవరు కొంటారు? అందుకే నా చొక్కాకు గంజి నేనే పెట్టుకుంటా. మా ఇంటామెను కూడా చెయ్యి పెట్టనియ్యను. అన్నం గంజి కాదు, సగ్గుబియ్యం గంజి. కాచి, వడగట్టి, చొక్కా ముంచి పిండి, నీడన ఆరేసి, ఇస్త్రీ కొడితే సాయంత్రం దాకా మడత చెదరదు. యాడికి పోయినా నా సంచిలో సగ్గుబియ్యం పొట్లం ఉంటాది. కొందరు బీపీ మాత్రలు పెట్టుకుంటారు చూడండి, అట్ల.

మా సొంతూరు పులివెందుల దగ్గర. ఆడ మా అన్న పెట్టిన ద్రాక్షతోట ఉంది. నిలువెత్తు రాతి కూసాలు నాటి, తీగలు లాగి, పందిరి కట్టి, ఒక్కో పాదును చంటిబిడ్డను సాకినట్టు సాకినాడు. అన్న పోయి ఏడాది దాటింది. గుండె ఆగిపోయింది అన్నారు డాక్టర్లు. మా వదిన ఈశ్వరమ్మ మాత్రం వేరే మాట చెప్తాది. మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా ఏళ్ళ తరబడి తోటకు మందులు కొట్టినాడు, ఆ మందులే ఆయన్ను తీసుకుపోయినాయి అంటాది. ఏది నిజమో నాకు తెలీదు. అన్న దినాలు అయిన మర్నాడే షెడ్డులో ఉన్న మందు డబ్బాలన్నీ గోతాముల్లో వేయించి బయట పెట్టించింది.

"ఈ తోటలో ఇంక ఆ వాసన రాకూడదు" అనింది. మేమెవరం ఎదురు చెప్పలేదు.

చెప్పడం సులువే. ద్రాక్ష పండించేది మాత్రం సులువు కాదప్పా. చలికాలం వచ్చిందంటే బూడిద తెగులు. ఆకు మీద, గుత్తి మీద ఎవరో పిండి చల్లినట్టు తెల్లగా వస్తాది. ఈరోజు ఒక ఆకు, మల్ల చూస్తే సాలంతా! వదిలేస్తే కాయ తోలు బిగుసుకుపోయి పగిలిపోతాది. అందరూ మందు కొట్టి ఆపుతారు. మా వదిన ఏం చేసిందంటే, వెల్లుల్లి దంచింది. వేపాకు, కలబంద, పసుపు దంచింది. నీళ్ళల్లో నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కషాయం చేసి కొట్టింది. మొదట్లో చిక్కగా కొట్టి ఒక సాలులో ఆకు అంచులన్నీ మాడ్చుకుంది. మల్ల పల్చన చేసింది. ఫోన్లో వీడియోలు చూసింది, పక్క మండలంలో ఇట్లనే చేస్తాండే ఆడోళ్ళను పట్టుకుని అడిగింది. ఏడాదంతా ఇదే పని. ఆమె చేతులు యాడ చూసినా వెల్లుల్లి వాసనే.

ఆ కషాయంలో చివరికి కుంకుడుకాయ రసం కలుపుతాది. ఎందుకంటే ద్రాక్ష ఆకు మీద నీళ్ళు నిలవవు, జారిపోతాయి. కుంకుడు రసం కలిపితే ఆకంతా పరుచుకుని అంటుకుంటాది. ఈ సంగతి బాగా గుర్తు పెట్టుకోండి. నా కొంప ఈడనే మునిగింది.

మా నాయనకు ఇదంతా గిట్టదు. "వెల్లుల్లి, పసుపు... అవి పోపులోకమ్మా, పందిరికి కాదు" అంటాడు. అన్న పోయినప్పటి నుంచి ఆయన ఆ పందిరి కిందికి అడుగు పెట్టలేదు. గట్టు మీద నిలబడి చూసి వచ్చేస్తాడు. ఈ కాపు మొదలయ్యేటప్పుడే వదినను కూచోబెట్టి తెగేసి చెప్పినాడు.

"మస్తాన్ వచ్చి తోట చూస్తాడు. బాగుంది అని బేరం మాట్లాడుకుంటే సరే. తెగులుందని వెనక్కి తిరిగితే మాత్రం పందిరి పీకించి చీనీ చెట్లు పెట్టిస్తా. ఇంక దీని మీద మాట్లాడేది లేదు."

మస్తాన్ అంటే మన ప్రొద్దుటూరు పండ్ల వ్యాపారే. కాయ రంగు తిరగక ముందే వచ్చి తోట చూసి బేరం మాట్లాడుకుంటాడు. అన్న ఉన్నప్పుడు ఏటా అతనే కొనేవాడు.

"సరే మామా" అనింది వదిన. వాదించలేదు. ఆమెకు పిల్లల్లేరప్పా. అన్న చేత్తో పెట్టింది, ఆమెకు మిగిలింది ఆ తోట ఒక్కటే. అది పోతే ఆమె ఆ ఊర్లో ఎవరి కోసం ఉండాల? ఇది నాకు బాగా తెలుసు. తెలిసీ చేసినా చూడండి, అదే నా బాధ.

మస్తాన్ సోమవారం వస్తాడు అన్నారు. ఆఖరుగా ఒకసారి కషాయం కొట్టేదానికి సాయంగా ఉందామని ఆదివారం పొద్దున్నే ముద్దనూరు మీదుగా ఊరికి చేరినా. తెల్లచొక్కా, తెల్లపంచ, చేతిలో సంచి. వదిన అప్పటికే డ్రమ్ము నిండా కషాయం వడగట్టి మూత పెట్టింది. చూస్తే ఆమె పులివెందులకు బయల్దేరతాంది.

"యాడికి వదినా?"

"కుంకుడుకాయలు అయిపోయినాయి కేశవా. జమ్మలమడుగు నుంచి మా తమ్ముడు పంపిస్తానన్నాడు, వానికి ఇంకా తీరలేదు. పులివెందుల్లో దొరికితే తెస్తా. రసం తీసి కలిపి, ఎండ తగ్గినాక కొడదాం."

"నేనేం చేయాల?"

"ఏం చేయొద్దు. అన్నం ఉంది, తిను. ఊరికే కూచో. నేను వచ్చేదాకా ఆ డ్రమ్ము మూత తీయొద్దు."

ఊరికే కూచో! ఈ మాట నాతో అనకూడదప్పా. కొట్లో కూచున్నా నేను ఊరికే కూచోను, మడతపెట్టిన పంచలనే తీసి మల్ల మడతపెడతాంటా. షెడ్డు ముందు మంచం మీద కూచుని డ్రమ్మును చూస్తాండా, పందిరిని చూస్తాండా. పాపం ఆడమనిషి ఒక్కతే ఇంత కష్టపడతాంది, కుంకుడుకాయల కోసం బస్సెక్కి తిరగతాంది, నేనేమో కాలు మీద కాలు వేసుకుని కూచున్నా అని మనసు పీకింది. అట్ల పీకేటప్పుడే సంచిలో సగ్గుబియ్యం పొట్లం కనపడింది.

ఆలోచన యాడి నుంచి వచ్చిందో గాని ఠక్కున వచ్చింది. కుంకుడు రసం ఎందుకు? కషాయం ఆకుకు అంటుకునేదానికి. అంటుకునే విషయంలో గంజిని మించింది ఏముంది? గుడ్డకు పట్టేది ఆకుకు పట్టదా? నూలుగుడ్డ కూడా చెట్టు నుంచి వచ్చిందే గదా! నా తెలివికి నాకే ముచ్చటేసింది.

గుడ్డిగా చేయలేదప్పా, టెస్టింగ్ కూడా చేసినా. కొంచెం గంజి కాచి, కషాయం నాలుగు చుక్కలు కలిపి, ఒక ఆకు మీద వేలితో రాసినా. అబ్బా! ఒక్క చుక్క జారలేదు. ఆకును తలకిందులు చేసినా జారలేదు. వదిన వచ్చేలోపు పని ముగించి పెడితే ఎంత సంతోషపడతాదో అనుకున్నా. సంతోషపడతాది అనే అనుకున్నా, నిజంగా.

పొట్లం మొత్తం కాచినా. చొక్కాకు పెట్టేదైతే పల్చగా కాస్తా. ఇది తోట గదా, వాన పడినా పోకూడదని చిక్కగా కాచినా. గుజ్జు గుజ్జుగా వచ్చింది. డ్రమ్ములో పోసి కట్టెతో కలిపితే కషాయం కాస్తా సేమ్యా పాయసం లెక్కన అయింది. స్ప్రేయర్ ఆన్ చేస్తే నాజిల్ పట్టేసింది. గంజి ఎక్కువైందని ఎవడికైనా ఆడనే అర్థం కావాల. నాకు అర్థమైంది ఏందంటే, నాజిల్ బొక్క చిన్నదైంది అని! దాన్ని పీకి పెద్ద బొక్క నాజిల్ పెట్టినా. ఇంక చూడండి, తుంపర కాదు, ధార. మిట్టమధ్యాహ్నం ఎండలో, తెల్లచొక్కా వేసుకుని, పందిరి కింద ఈ కొస నుంచి ఆ కొసకు తడిపి పారేసినా. ఒక్క గుత్తిని వదిలిపెట్టలేదు. ఒళ్ళంతా వెల్లుల్లి వాసన. చేతులు కడుక్కుని, అన్నం తిని, చేసిన పనికి తృప్తిగా ఒక కునుకు తీసినా.

లేచి చూస్తే తోట తెల్లబడింది.

ఒట్టు. ఎండకు గంజి ఆరిపోయి, ఆకుల మీద తెల్లటి పొర. గుత్తుల మీద పిండి చల్లినట్టు మచ్చలు. కొన్ని ఆకులు పట్టుకుంటే ఫెళఫెళమంటాండాయి, నా చొక్కా కాలరు ఎట్లుంటాదో అట్ల. బూడిద తెగులు వస్తే తోట ఎట్లుంటాదని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అచ్చం అట్లనే ఉంది. అసలు తెగులు కూడా అంత సమానంగా పట్టదప్పా, నేను అంత శ్రద్ధగా కొట్టినా.

సరే, కడిగేద్దాం, వదిన వచ్చేలోపు నీళ్ళు కొడదాం అని మోటారు దగ్గరికి పోయినా. కరెంటు లేదు. ఇంతలో గట్టు మీద బండి ఆగిన చప్పుడు. తిరిగి చూస్తే మా నాయన. వెనకాల మస్తాన్!

సోమవారం రావాల్సిన మనిషి. పక్క ఊర్లో అరటితోట చూసేదానికి ఆ పొద్దే వచ్చినాడంట. ఎట్లా వచ్చినా గదా, ద్రాక్ష కూడా చూసిపోతా అన్నాడంట. నాయన బండెక్కించుకుని తెచ్చినాడు. ఇద్దరూ గట్టు మీద నిలబడినారు. ఇద్దరూ తోట వైపు చూసినారు.

"యా అల్లా" అన్నాడు మస్తాన్ మెల్లగా. "పూరా ఖరాబ్ అయిపోయింది గదప్పా. ఇంత బూడిద తెగులు నేను యాడా చూడలేదు."

నాయన మొఖం వైపు చూసినా. కోపం లేదు ఆయన మొఖంలో. ఇట్లయితాదని నాకు ముందే తెలుసు అన్నట్టు ఉంది. నేను పరిగెత్తినా.

"నాయనా, అది తెగులు కాదు!"

"మరేంది?"

"గంజి."

"ఏందిరా?"

"గంజి నాయనా. సగ్గుబియ్యం గంజి. చొక్కాకు పెట్టేది. నేనే కొట్టినా, కషాయం అంటుకోవాలని."

నాయన నన్ను చూసినాడు. నా చొక్కా చూసినాడు. తోట చూసినాడు. మస్తాన్ నా భుజం మీద చెయ్యి వేసినాడు.

"కేశవన్నా, మీ వదిన మీద నీకున్న అభిమానం నాకు తెలుసు. తోట పోకూడదని నువ్వు చెప్తాండావు. బాగుంది. గాని చెప్పేది కొంచెం నమ్మేటట్టు చెప్పాలప్పా. తోటకు ఎవరైనా గంజి పెడతారా?"

నా జన్మలో ఎప్పుడూ ఇంత నిజం చెప్పలేదు, ఎప్పుడూ ఇంత అబద్ధాలకోరు లెక్కన నిలబడలేదు. ఒక ఆకు తెంపుకొచ్చి మస్తాన్ ముందు పెట్టబోయినా. అతను నాలుగడుగులు వెనక్కి దూకినాడు. "దగ్గరికి తేవద్దన్నా! నేను మల్ల వేరే ద్రాక్షతోటలోకి పోవాల. ఆ పొడి గుడ్డలకు అంటుకుంటే ఆడికీ పోతాది" అన్నాడు. వ్యాపారులకు ఆ పట్టింపు ఉంటాది, తప్పు పట్టలేం. నాయన వైపు తిప్పితే ఆయన నా చెయ్యి పక్కకు తోసినాడు. మస్తాన్ లోపలికి రాడు తెగులని, నాయన రాడు పందిరని. నేను ఒక్కడినే మధ్యలో గంజి ఆకు పట్టుకుని నిలబడినా.

నాయన ఫోన్ తీసి జేసీబీ మనిషికి చెప్పినాడు. "రేపు పొద్దున్నే రా అప్పా. పందిరి తీసేయాల."

వాళ్ళు పోయిన కొంతసేపటికి వదిన వచ్చింది. చేతిసంచి నిండా కుంకుడుకాయలు. దూరం నుంచే చూసి ఆగిపోయింది. సంచి కింద పెట్టి, మెల్లగా పందిరి కిందికి వచ్చి, ఒక ఆకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, నాలుక కొసకు తగిలించింది.

"సగ్గుబియ్యమా?" అనింది.

"ఊఁ" అన్నా.

తిడతాదేమో అని చూసినా. తిట్టింటే బాగుండు. ఒక కూసానికి ఆనుకుని కింద కూచుంది. మస్తాన్ వచ్చిపోయింది, జేసీబీ సంగతి, అన్నీ నిలబడే చెప్పినా. ఆమె తల ఎత్తలేదు. కన్నీళ్ళు కారతాంటే తుడుచుకోలేదు కూడా. వెల్లుల్లి చేతులు గదా, కంట్లో పెట్టుకుంటే మండుతాయి.

"ఏడాది పొడుగునా ఒక్క ఆకుకు రానీయలేదు కేశవా. ఒక్క ఆకుకు" అనింది చివరికి. "ఈ ఒక్క పొద్దు నువ్వు రాకుండా ఉండింటే చాలు."

నిజం చెప్తాండా, అప్పుడు ఆ జేసీబీ తోట కోసం కాకుండా నా కోసం వస్తే బాగుండు అనిపించింది.

"కడిగేద్దాం వదినా. కరెంటు వస్తానే నీళ్ళు కొడతా" అన్నా.

"పొద్దు వాలినాక ఆకు తడిస్తే వేరే తెగులు పట్టుకుంటాది. ఆకులు రేపు ఎండ వచ్చినాకనే. గుత్తులైతే పిండిన గుడ్డతో తుడవొచ్చు." లేచి నిలబడింది. "తుడిస్తే కాయ మీద పుట్టుకతో వచ్చే పొడి కూడా పోతాది. ఆ మెరుపు పోతే రేటు రాదు. పోనీలే. చెట్టు నిలబడితే చాలు."

తుడిచేదానికి నా సంచిలో చొక్కాలు తీసి ఇచ్చినా, ప్రాయశ్చిత్తం లెక్కన. ఆమె ఒకదాన్ని చేత్తో తడిమి వెనక్కి ఇచ్చింది. "ఇది రుద్దితే కాయ తోలు ఊడొస్తాది" అనింది. షెడ్డులోకి పోయి ఇనపపెట్టెలో నుంచి అన్న పంచలు తెచ్చింది. ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచలు. అన్న గంజి పెట్టించుకునేవాడు కాదు. 'ఒళ్ళు గీసుకుపోతాదిరా, నువ్వెట్ల కట్టుకుంటావు అట్టలాంటివి' అని నన్ను ఎగతాళి చేసేవాడు. ఆ పంచ చేతిలోకి తీసుకుంటే నాకు దుఃఖం ఆగలేదు. అన్న పోయినప్పుడు కూడా వచ్చినోళ్ళను చూసుకోవాలని ఏడవలేదు నేను. గుత్తులు తుడుస్తా ఏడ్చినా.

చీకటి పడేదాకా తుడిచినాం. మల్ల తెల్లవారుతానే మొదలుపెట్టినాం. ఒక్కో కాయా తుడవాల, గట్టిగా పట్టుకుంటే రాలిపోతాది. ఇద్దరం కలిసి ఎంత చేసినా కొన్ని సాళ్ళే అయినాయి. తోట చాలావరకు తెల్లగానే ఉంది. అప్పుడు వినపడింది జేసీబీ చప్పుడు.

దాని వెనకాలే నాయన బండి. జేసీబీ గట్టు దగ్గర ఆగింది, ఇంజన్ ఆపలేదు. వదిన తడిపంచ చేతిలో పట్టుకుని గట్టు మీదికి పోయింది. నేను ఆమె వెనకాలే పోయి నిలబడినా. నా మాటకు విలువ యాడుంది?

"పీకించు మామా" అనింది వదిన. "మాట ఇచ్చినా, అడ్డం రాను. గాని పీకించే ముందు ఒక్క గుత్తి నీ చేత్తో తుడిచి చూడు. తెగులైతే తుడిచినా కింద మచ్చ ఉంటాది. నాకంటే నీకే బాగా తెలుసు."

పంచ చాచింది. నాయన దాని అంచు చూసినాడు. ఎవరిదో తెలిసింది ఆయనకు. తీసుకున్నాడు. పందిరి అంచు దాకా వచ్చి ఆగినాడు. ఆడ నిలబడే ఉన్నాడు, నిలబడే ఉన్నాడు. తరువాత తల వంచి లోపలికి అడుగు పెట్టినాడు.

తెల్లగా ఉన్న గుత్తి ఒకటి ఎడమ చేత్తో ఎత్తిపట్టి, పంచ కొసతో మెల్లగా తుడిచినాడు. కింద కాయ పచ్చగా ఉంది. మచ్చ లేదు, పగులు లేదు. ఇంకోటి తుడిచినాడు. ఇంకో సాలుకు పోయినాడు. ఆకు తిప్పి అడుగున చూసినాడు. పోతా పోతా కనపడకుండా పోయినాడు. కొంతసేపు జేసీబీ చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి ఆ మూల నుంచి గొంతు వినపడింది.

"ఈశ్వరమ్మా! ఈ మూలది కూడా బాగుందిమ్మా!"

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన వెనక్కి వచ్చేటప్పటికి పంచ భుజం మీద వేసుకుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉండాయి. వదిన ముందు నిలబడి, "ఈ పందిరి కిందికి వస్తే పెద్దోడు ఎదురొస్తాడేమో అని భయపడినానమ్మా ఇన్ని దినాలు. తెగులు కాదు, మందు కాదు. అదే నా భయం" అన్నాడు. మా నాయన నోట భయం అనే మాట నేను వినడం అదే మొదలు.

మస్తాన్‌కు ఫోన్ చేసినాడు. "అప్పా, మల్ల ఒకసారి రావాల. తెగులు కాదు. మావాడు చెప్పిందే నిజం. గంజే." స్పీకర్లో మాకందరికీ వినపడింది, "నిజంగానే గంజి పెట్టినాడా?" అని. తరువాత ఆ నవ్వు చూడండి, ఫోన్ పగిలిపోతాదేమో అనుకున్నా. కడిగినాక వచ్చి చూస్తా, మెరుపు పోయింటే దూరపు మార్కెట్‌కు పోదు, పాత రేటు మాత్రం అడగొద్దు, గాని తోట నేనే తీసుకుంటా అన్నాడు. రేటు తగ్గింది నా వల్లనే. దానికి నవ్వు రాదు నాకు ఇప్పటికీ.

ఇదంతా అయ్యేటప్పటికి జేసీబీ డ్రైవరుకు ఓపిక అయిపోయింది. "పెద్దాయనా, ఏం చేయమంటావు? ఇంత దూరం వచ్చినా. ఖాళీగా పోవాల్నా?" అని అరిచినాడు.

నాయన తోట వైపు చూసినాడు. నా వైపు చూసినాడు.

"ఖాళీగా ఎందుకు పోతావప్పా? తోట చుట్టూ కందకం తవ్వు. లోతుగా తవ్వు."

"అడవిపందులు పడతాండాయా?"

"పందులైతే తోలుకుంటాం లేప్పా" అన్నాడు నాయన, నన్ను చూపించి. "ఈని కోసం తవ్వు."

వదిన నవ్విందప్పా. కొంగు తీసేసి, కూసం పట్టుకుని, పడిపోతాదేమో అన్నట్టు నవ్వింది. అన్న పోయినాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు విన్నాక నాకు సిగ్గూ లేదు, రోషమూ లేదు. నేనే పోయి డ్రైవరుకు చెప్పినా, "ఇంకో అడుగు లోతు తవ్వన్నా, నన్ను నేనే నమ్మను" అని.